పద్దెనిమిదేళ్ళ రైట్ టైము

నా పేరు ప్రమీల. కండక్టర్ని. హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం పోయే పొద్దుటి బస్సులో పద్దెనిమిదేళ్ళుగా టికెట్లు కొడుతున్నాను. డిపో పేరు మాత్రం అడగొద్దు, చెబితే మెమో నాకే వస్తుంది. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఆయన రామాంజినేయులు అంటాడు. ఆయనకు తెలియదు, అది ముక్కు మీద ఆగితే బాగానే ఉండేది, నాలుక మీదికి దిగుతుంది. ఫుట్‌బోర్డు మీద వేలాడే కాలేజీ పిల్లలను అడిగి చూడండి, వాళ్ళు చెబుతారు.

కోపంతో పాటు నాకు గర్వం కూడా ఉండేది. ఆ పద్దెనిమిదేళ్ళలో మా బస్సు ఒక్కసారి కూడా లేటు కాలేదు. లాగ్ షీట్లు తీసి చూసుకోండి. రెండేళ్ళ కిందట జనవరి ఇరవయ్యారున జెండా ఎగరేశాక, మేనేజర్ సారు నన్ను అందరి ముందుకూ పిలిచి సమయపాలనకు సర్టిఫికెట్ ఇచ్చాడు. దానికి ఫ్రేము కట్టించి టీవీ పైన తగిలించాను. ఇంటికి ఎవరు వచ్చినా కాఫీ కంటే ముందు అది చూపించేదాన్ని.

ఇప్పుడు ఆ లాగ్ షీటు సంగతి చెప్పాలి. బస్సు ఏ స్టాండుకు ఎన్ని గంటలకు చేరిందో రాసే కాగితం అది. ప్రతి స్టాండులో కంట్రోలర్ అని ఒకాయన కిటికీ వెనక కూర్చుని ఉంటాడు. మేము కాగితం ఇస్తే టైము వేసి సంతకం చేస్తాడు. లేటని వేస్తే డిపో నుంచి మెమో వస్తుంది. ఎందుకు లేటయిందో కండక్టర్ సంజాయిషీ రాయాలి, డ్రైవర్ రాయాలి, కంట్రోలర్‌ను కూడా నిలబెట్టి అడుగుతారు. ఈ తలనొప్పి ఎవరికీ వద్దు కాబట్టి ముగ్గురమూ కలిసి రాసుకునే మాట ఒకటే: రైట్ టైమ్. బస్సు ఇరవై నిమిషాలు లేటుగా వచ్చినా రైట్ టైమే, అరగంట లేటుగా వచ్చినా రైట్ టైమే.

పెనుకొండ కంట్రోలర్ సతీష్ అయితే ఇంకా ఘనుడు. టిఫినుకు పోకముందే ఆ పూట బస్సులన్నిటికీ రిజిస్టర్లో టైములు వేసి పెట్టేస్తాడు. ఒకసారి మా డిపో బస్సు ఒకటి సోమందేపల్లి దాటాక ఇంజను చెడిపోయి మధ్యాహ్నం దాకా రోడ్డు పక్కనే నిలబడిపోయింది. సతీష్ రిజిస్టర్లో మాత్రం అది పొద్దున్నే పెనుకొండకు రైట్ టైముకు వచ్చి, రైట్ టైముకు వెళ్ళిపోయింది.

చేరిన మొదటి వారంలో నేనూ నిజమే రాయబోయాను. ఏడు నిమిషాలు లేటని రాస్తుంటే మా డ్రైవర్ నరసప్పన్న నా చేతిలో పెన్ను లాక్కున్నాడు. "యాడ నేర్చుకుంటివమ్మా ఈ చదువు? మమ్మల్నందర్నీ ముంచేదానికి వచ్చిండావా?" అన్నాడు. నలుగురితో నారాయణా అనుకున్నాను. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత ఎప్పుడో, నేను రాసిందే నిజమని నేనే నమ్మడం మొదలుపెట్టాను. అబద్ధం అంటేనే అంత, రోజూ రాస్తే చేతికి తెలియకుండా పోతుంది.

మా పాప హరిత. మాకు ఒక్కతే కూతురు. హిందూపురంలోనే ఇంజనీరింగ్ చదివి, బెంగళూరులో ఒక చిన్న కంపెనీలో చేరింది. ఆ కంపెనీ వాళ్ళు బస్సు డిపోల కోసం ఒక ప్రోగ్రాము తయారు చేశారు. ఏ బస్సు ఏ ట్రిప్పు ముగించి ఏ ట్రిప్పు అందుకోవాలి, ఏ డ్రైవరు ఎన్ని గంటలు నడపాలి, ఎవరు ఎక్కడ దిగి ఎవరికి బస్సు అప్పగించాలి, ఇవన్నీ అది లెక్క వేస్తుంది. మా డిపోలో ఈ పనంతా ఒక పెద్ద అట్ట మీద జరిగేది. పెన్సిలుతో గీయడం, రబ్బరుతో చెరపడం, ఒక్క బస్సు మారిస్తే పది బస్సులు మార్చడం. కొత్త పట్టిక రావాలంటే మూడు నెలలు. హరిత ప్రోగ్రాముకు పన్నెండు నిమిషాలు.

దాన్ని పరీక్షగా నడిపి చూడటానికి మా డిపోనే ఎంచుకున్నారు. ఆ పని మీద హరిత కొన్నాళ్ళు ఇంటికే వచ్చి ఉంది. అందులో ఏ ట్రిప్పుకు ఎంతసేపు పడుతుందో తేల్చి, ట్రిప్పుకూ ట్రిప్పుకూ ముడివేసే భాగం మొత్తం హరితే రాసిందట. మా మీటింగు హాల్లో తెర మీద బొమ్మలు వేసి అది అందరికీ వివరిస్తుంటే, నేను వెనక బెంచీలో ఖాకీ చొక్కా సర్దుకుంటూ కూర్చున్నాను. నలభై ఆరు బస్సులు చేసే పని నలభై రెండు బస్సులతో చేయొచ్చని చెప్పింది. మిగిలే నాలుగు బస్సులను సాయంత్రం బస్సే లేని పల్లెలకు తిప్పొచ్చని చెప్పింది. పక్కన నరసప్పన్న నన్ను మోచేత్తో పొడిచి, "మాట నీ మాదిరే ఉండాది పాపది. తిట్లు మాత్రం లేవు," అన్నాడు. నా కడుపు నిండిపోయింది. ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు.

శనివారం కొత్త పట్టిక చేతికి వచ్చింది. పాత పట్టికలో మేము పొద్దున ఆరున్నరకు హిందూపురంలో బయలుదేరి ఎనిమిదీ నలభై ఐదుకు ధర్మవరం చేరాలి, తొమ్మిదీ ఇరవైకి తిరుగు ప్రయాణం. నిజానికి మేము చేరేది తొమ్మిదీ పదికి. టీ గుటకలేసి తొమ్మిదీ ఇరవైకి తిరిగి బయలుదేరుతాం. కొత్త పట్టికలో చేరే టైము అదే, తిరుగు ప్రయాణం మాత్రం ఎనిమిదీ యాభై ఐదుకే ఉంది. హిందూపురం చేరగానే అదే బస్సు పది నిమిషాల్లో లేపాక్షికి పోవాలి.

"ఇదేందమ్మా, మనకు రెక్కలు కట్టిండాదా నీ కూతురు?" అన్నాడు నరసప్పన్న.

"కంప్యూటర్ కదన్నా, ఏదో లెక్క చూసే వేసింటాది. నువ్వు కొంచెం తొక్కు," అన్నాను. కూతురు పెట్టిన టైము. దాన్ని అందుకోలేమని మొదటిరోజే ఎలా అంటాను?

సోమవారం తొక్కాడు పాపం. ఎంత తొక్కినా సోమందేపల్లిలో ఎక్కే జనం తగ్గరు కదా. ఎర్రమంచి దగ్గర ఫ్యాక్టరీ బస్సుల వరస కదలదు కదా. ధర్మవరంలో తొమ్మిదీ ఐదైంది. టీ లేదు, ఒక్క గుక్క నీళ్ళు తాగి తిరిగి బయలుదేరాం. హిందూపురం చేరేసరికి లేపాక్షి ట్రిప్పు టైము దాటిపోయి అరగంటయింది. ఆ ట్రిప్పు రద్దు చేశారు. స్టాండులో నిలబడిన జనం మా బస్సు చుట్టూ మూగారు. పెళ్ళికి పోవలసినవాళ్ళు, గుడి చూడటానికి వచ్చినవాళ్ళు, మార్కెట్లో పట్టుగూళ్ళు అమ్ముకుని ఇంటికి పోయేవాళ్ళు. నేను నోరు తెరవలేదు. నేను నోరు తెరవని రోజు డిపోలో వార్త అవుతుంది. మా బస్సు ఒక్కటే కాదు, మధ్యాహ్నానికి పదకొండు ట్రిప్పులు ఇట్లాగే చెడిపోయాయి.

"ప్రమీలక్కా, నీ కూతురు కంప్యూటర్‌కు టీ తాగే అలవాటు లేనట్టుండాదే," అని రెస్టు రూములో నవ్వారు. నవ్వనీ అనుకుని నీళ్ళ సీసా మూత బిగించాను. ఆ మూత ఇప్పటికీ ఊడిరాలేదు.

మంగళవారమూ అంతే. బుధవారం సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి పోయేసరికి హరిత లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి ముఖం తిప్పుకుంది. కాఫీ కలిపి తెచ్చి పక్కన కూర్చున్నాను.

"ఏమైంది పాపా?"

"తప్పు యాడుండాదో దొరకలేదమ్మా. మూడు రోజులుగా వెతుకుతాండా. షీట్లు చూస్తే బస్సులన్నీ రైట్ టైమే. రైట్ టైముకు వచ్చిన బస్సు లేపాక్షికి ఎందుకు పోలేదు? నేను రాసిన దాంట్లోనే ఏదో పొరపాటు చేసింటా. శుక్రవారం మీటింగు. ఆలోపల చెప్పలేకపోతే మా వాళ్ళు ప్రోగ్రామునే వెనక్కి తీసుకుంటారంట. ఆ భాగం రాసింది నేను కాబట్టి ఇంక నాకు ఆ పని ఇయ్యరు."

నా చేతిలో గ్లాసు అక్కడే ఆగిపోయింది. "షీట్లా? ఏ షీట్లు?"

"లాగ్ షీట్లమ్మా. మూడేళ్ళవి తెచ్చి ఎక్కించినాం. బస్సు ఎంతసేపట్లో పోతాదో ప్రోగ్రాముకు ఎట్ల తెలుస్తాది? ఆ షీట్లు చూసే."

నాకు తెలియదు. నిజంగా తెలియదు. ఆ షీట్లు ఎవరు చదువుతారు, అటక మీద ఎలుకలు తప్ప అనుకునేదాన్ని. టికెట్ మిషన్లో టైము పడుతుంది కదా అని మీరు అడగొచ్చు. పడుతుంది. కానీ నేను టికెట్లు సగం స్టాండులోనే కొట్టేసి, మిగతావి తోసుకుంటూ తోసుకుంటూ ఎప్పుడు వీలైతే అప్పుడు కొడతాను. వాటిని బట్టి బస్సు ఎక్కడుందో బ్రహ్మ కూడా చెప్పలేడు. అందుకని వాళ్ళు కంట్రోలర్ సంతకం ఉన్న కాగితాన్ని నమ్మారు. పిండి కొద్దీ రొట్టె అంటారు. నా కూతురికి మేము పెట్టింది పుచ్చిన పిండి.

హరిత ఇంకా చెబుతోంది. "కొన్ని బస్సుల షీట్లు నాకే అనుమానం వచ్చినాయమ్మా. అప్పుడు నీ బస్సు షీట్లు పక్కన పెట్టుకుని చూసుకున్నా. మా అమ్మ బస్సు ఎప్పుడూ లేటు కాదు, అది నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. నీ షీట్లకు సరిపోయినవి ఉంచినా, సరిపోనివి తీసేసినా. నీ బస్సే నాకు కొలత."

కొన్ని షీట్లు సరిపోలేదట. అంటే ఎవరో ఒకరిద్దరు అప్పుడప్పుడు నిజం రాసి ఉంటారు. నా అబద్ధాన్ని కొలతగా పెట్టుకుని, నా కూతురు వాళ్ళ నిజాన్ని తీసి పారేసింది.

అప్పుడే చెప్పి ఉండాలి. చెప్పలేదు. సర్టిఫికెట్ ఎదురుగానే ఉంది, దాని కింద నా కూతురు ఉంది. పైగా చెబితే నాకు ఒక్కదానికే కాదు, డిపోలో రెండు వందల మందికి మెమోలు వస్తాయి. "దొరుకుతాదిలే పాపా," అని వంటింట్లోకి పోయాను. అంత పిరికి మాట నా నోట్లోంచి ఎప్పుడూ రాలేదు.

మర్నాడు గురువారం. ధర్మవరం బస్సులో నరసప్పన్న వెనక నిలబడి సంగతంతా చెప్పాను. ఆయన రోడ్డు మీంచి కళ్ళు తీయలేదు.

"చెప్తే అందరూ మునుగుతారు ప్రమీలమ్మా."

"చెప్పకపోతే పాప మునుగుతాది."

"పాప చదువుకునింది. ఇంకో పని దొరుకుతాది. మాకు యాడ దొరుకుతాది?"

అందులో అబద్ధమేమీ లేదు. నరసప్పన్నకు ఇంకా మూడేళ్ళ సర్వీసుంది. నేను వెనక్కి వచ్చి టికెట్లు కొట్టాను. పెనుకొండ స్టాండులో దిగి కాగితం కిటికీలో పెట్టాను. సతీష్ ఫోను చూసుకుంటూనే పెన్ను అందుకున్నాడు.

"ఆగప్పా. గడియారం చూడు," అన్నాను.

"ఎందుకక్కా? రైట్ టైమే కదా."

"చూడమంటాండా కదా."

చూశాడు. ఏడూ ముప్పై ఐదుకు రావాల్సిన బస్సు. గోడ గడియారంలో ఏడూ యాభై రెండు. సతీష్ నావైపు జాలిగా చూశాడు, ఒంట్లో బాగాలేదనుకున్నాడేమో. "అది ముందుకు తిరుగుతాదక్కా," అన్నాడు. కాగితం లాక్కుని నేనే రాశాను: పెనుకొండ, 7.52. పదిహేడు నిమిషాలు లేటు. కారణం అన్న గడిలో, రోజూ ఇంతే అని రాసి సంతకం పెట్టాను. సంతకం కూడా నాది కానట్టు వచ్చింది. సతీష్ ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని తిరిగి ఇచ్చాడు. ధర్మవరంలో కూడా గడియారం చూసే రాశాను. అక్కడికి ఇరవై ఐదు నిమిషాలు లేటు. పది నిమిషాలు అక్కడి కంట్రోలర్‌తో గొడవైంది. అది మాత్రం నాకు సులువుగానే జరిగింది.

శుక్రవారం మూడు గంటలకు మీటింగు. ముందు వరసలో హరిత, వాళ్ళ కంపెనీ వాళ్ళు ఇద్దరు. వెనక డ్రైవర్లూ కండక్టర్లూ ముప్పై మంది, కష్టాలు చెప్పుకోమని పిలిస్తే వచ్చారు. మేనేజర్ సారు షీట్ల కట్ట బల్ల మీద పెట్టి మొదలుపెట్టాడు.

"షీట్లన్నీ నేను చూశాను. బస్సులు టైముకే తిరిగినట్టున్నాయి. మరి జనం ఎందుకు గొడవ చేస్తున్నారు, ట్రిప్పులు ఎందుకు పోతున్నాయి? అంటే ప్రోగ్రాములోనే లోపం ఉందనుకోవాలి. సోమవారం నుంచి మళ్ళీ పాత పట్టికకే పోదాం. ఏమంటావమ్మా?"

హరిత లేచి నిలబడింది. "తప్పు నాదే సార్. ఎక్కడుందో ఇంకా దొరకలేదు," అంది.

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలుసుకోవడానికి ఒక్క క్షణం పట్టింది. నా మీదే. పద్దెనిమిదేళ్ళు ఊరందరినీ తిట్టిన దాన్ని, నా కూతురు చేయని తప్పు నెత్తిన వేసుకుంటుంటే నోరు మూసుకుని కూర్చున్నాను.

లేచాను. "తప్పు పాపది కాదు సార్. ఆ షీట్లే తప్పు. నావన్నీ తప్పు," అని, డిపోలో ఇవ్వకుండా నా దగ్గరే ఉంచుకున్న ముందు రోజు షీటు తీసుకుపోయి ఆయన బల్ల మీద పెట్టాను. "ఇది ఒక్కటే నిజం. మిగతావన్నీ అబద్ధం రాస్తిని."

నరసప్పన్న తల వంచుకున్నాడు. సారు షీటు చూసి, నన్ను చూశాడు.

"సమయపాలనకు మీకు సర్టిఫికెట్ ఇచ్చింది నేనే కదమ్మా?"

"మీరే సార్. నేను అబద్ధం రాస్తిని, మీరు సంతకం పెడితిరి."

వెనక ఎవరో నవ్వబోయి దగ్గారు. సారు ముఖం ఎర్రబడింది. కానీ ఆశ్చర్యం మాత్రం కనపడలేదు. ఆయనా మాలో నుంచి పైకి వచ్చినవాడే. పై ఆఫీసుకు ఆయన పంపే కాగితంలో కూడా అదే రైట్ టైమ్ పోతుందని అప్పుడు అర్థమైంది.

సారును చూడటం సులువే. హరితను చూడాలంటే భయం వేసింది. అది నన్నే చూస్తోంది. టీవీ పైన ఫ్రేమును స్నేహితురాళ్ళకు చూపించుకున్న పిల్ల. తిడుతుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. అది కుర్చీ లాక్కుని కూర్చుని, లాప్‌టాప్ దగ్గరికి జరుపుకుంది.

"ధర్మవరానికి నిజంగా ఎంతసేపు పడుతుందమ్మా?" అంది.

"ఏ రోజు?" అన్నాను.

"అంటే?"

"సోమవారమా, శుక్రవారమా? కాలేజీ ఉండే రోజా, లేని రోజా? సోమందేపల్లి సంత రోజా? ఊరికే ఎంతసేపంటే ఏం చెప్పేది?"

"అన్నీ చెప్పు," అంది హరిత.

చెప్పాను. హిందూపురం నుంచి సోమందేపల్లికి నలభై నిమిషాలు, సంత రోజు నలభై ఎనిమిది. పెనుకొండ ఊర్లోకి పోయి వెలుపలికి రావడానికి తొమ్మిది, పరీక్షలప్పుడు పద్నాలుగు. చెన్నేకొత్తపల్లిలో మూడు చాలు, గొర్రెల మంద అడ్డమొస్తే ఎనిమిది. ఏ కాగితమూ చూడలేదు, కళ్ళు మూసుకుంటే రోడ్డంతా కనపడుతోంది. అబద్ధం రాసింది చెయ్యి. నిజం మాత్రం ఒంట్లోనే ఉంది. హరిత తల ఎత్తకుండా టైపు కొట్టుకుంటూ పోతోంది.

"పెనుకొండకు పొద్దున పోయేదానికీ మధ్యాహ్నం పోయేదానికీ ఒకటే టైము ఎయ్యొద్దు పాపా," అన్నాడు వెనక నుంచి ఒకాయన. నరసప్పన్న. లేచి నిలబడి ఉన్నాడు. "పొద్దున ఫ్యాక్టరీ బస్సులుంటాయి. ఆడ పన్నెండు నిమిషాలు కలుపు. వానొస్తే ఇంకో ఆరు."

ఆయన లేచాక ఇంకొకాయన లేచాడు. మడకశిర బస్సు కండక్టర్ ప్రతి నిమిషమూ చెప్పింది. లేపాక్షి డ్రైవర్, "సెలవు రోజుల్లో బస్సు కంటే కార్లే ఎక్కువమ్మా ఆ రోడ్డున," అన్నాడు. ఒకరు చెబితే ఇంకొకరు, "యాడప్పా, అంత కాదు," అని సరిచేశారు. ముప్పై మందీ బల్ల చుట్టూ మూగారు. మధ్యలో నా కూతురు. ఒక గంటన్నర అలాగే జరిగింది. సారు అందరికీ టీలు తెప్పించాడు. చివర్లో లేచి, "పదిహేను రోజులు పాత పట్టికతోనే నడిపి, అందరూ గడియారం చూసి నిజమే రాయండి. ఆ పదిహేను రోజులకు మెమోలు ఉండవు. ఆ తర్వాత కొత్త పట్టిక వేసి చూద్దాం," అన్నాడు.

ఇంటికి నడిచి పోతుంటే హరితను అడిగాను. "కోపమొచ్చిందా పాపా?"

"వచ్చింది. మూడు రోజులు నా తెలివి మీద నాకే నమ్మకం పోయిందమ్మా. ఏడిస్తిని కూడా. కోపం రెండు రోజులుంటాది. నీ కూతుర్ని కదా," అంది. నాలుగడుగులు పోయాక, "అందరి ముందరా లేచి నిలబడితివి చూడు, నాకు చప్పట్లు కొట్టాలనిపించింది," అంది. కోపం మాత్రం చెప్పినట్టే సరిగ్గా రెండు రోజులు ఉంది, ఒక్క గంట కూడా తగ్గలేదు.

గురువారం నాటి షీటుకు మెమో వచ్చింది. సారు ఇచ్చిన మాట శుక్రవారం నుంచి కదా. లేటుగా నడిపి, ఆ సంగతి రాసినందుకు సంజాయిషీ ఇవ్వమన్నారు. "నిజం రాసినందున లేటు అయినది" అని రాసి ఇచ్చాను. దాని మీద ఇంతవరకు ఎవరూ నన్ను ఏమీ అడగలేదు.

ఆ పదిహేను రోజులూ చూడాల్సింది. మొదటి రోజు నేనూ ఇంకో ఇద్దరూ మాత్రమే నిజం రాశాం. మూడో రోజుకు ఇరవై మంది. సతీష్ మొదటిసారి ఇరవై రెండు నిమిషాలు లేటని సొంత చేత్తో రాసి, ఎవరైనా వచ్చి పట్టుకుపోతారేమోనని రోడ్డు వైపు చూశాడు. వారం తిరిగేసరికి వాడే గడియారానికి కొత్త సెల్లు వేయించాడు.

కొత్త లెక్కతో ప్రోగ్రాము మళ్ళీ నడిచింది. ధర్మవరానికి రెండు గంటల నలభై నిమిషాలు ఇచ్చింది. అక్కడ ఆగడానికి పదిహేను నిమిషాలు. నలభై రెండు బస్సులు చాలవట, నలభై ఐదు కావాలట. అంటే మిగిలేది ఒక్కటే. హరిత ముఖం చిన్నబుచ్చుకుంది.

"నాలుగన్నా కదమ్మా అందరి ముందరా. ఒక్కటే."

"నాలుగు కాగితం బస్సులు ఎవర్ని ఎక్కించుకుంటాయే? ఒక ఇనుప బస్సు మేలు," అని కసిరాను. ఆ ఒక్క బస్సూ ఇప్పుడు సాయంత్రం లేపాక్షి అవతలి రెండు పల్లెలకు పోతోంది. మొదటి రోజు కొబ్బరికాయ కొట్టారట. నాకు డ్యూటీ ఉండి పోలేకపోయాను.

కొత్త పట్టిక మొదలైన రోజు మేము ఆరున్నరకే హిందూపురంలో బయలుదేరాం. స్టాండుల్లో, పెద్ద స్టాపుల్లో కొత్త టైముల కాగితాలు అతికించారు. సోమందేపల్లికి ఏడూ పది. దారిలో ఒక ట్రాక్టరు అడ్డం వచ్చి కొంచెం ఆలస్యమైంది. మేము పోయి ఆగేసరికి కుళ్ళాయమ్మ చెయ్యి నడుము మీద పెట్టుకుని నిలబడి ఉంది. ఈమె పెనుకొండలో ఒక హోటల్లో ఇడ్లీలు పోస్తుంది, ఏళ్ళుగా మా బస్సుకే వస్తుంది. మామూలుగా బండ మీద చతికిలబడి ఆకూవక్కా నములుతూ ఉంటుంది. బస్సు వస్తే లేస్తుంది, రాకపోతే ఇంకో ఆకు తీస్తుంది.

ఆ రోజు ఎక్కుతూనే మొదలుపెట్టింది. "ఏమ్మే కండక్టరమ్మా, ఏడూ పదికని కాగితమేసినారు. ఇప్పుడెంత? ఏడూ పదమూడు! మూడు నిమిషాలు నిలబెడితివి నన్ను. టైముకు రావల్లని పొయ్యి మీద పాలు దించి పరిగెత్తుకొస్తి. టైమంటే లెక్కలేదా మీకు?"

చిల్లరకు తిట్టారు, సీటుకు తిట్టారు, కోడిని కింద పెట్టమన్నందుకు తిట్టారు. లేటని మాత్రం ఈ పద్దెనిమిదేళ్ళలో నన్ను ఎవరూ తిట్టలేదు. లేటని తిట్టాలంటే ముందు ఒక టైము ఉందని నమ్మాలి కదా. ఆ కాగితాన్ని నమ్మి కుళ్ళాయమ్మ పాలు దించి వచ్చింది. ఇంకొక రోజైతే ఒకటికి పది అప్పజెప్పేదాన్ని. ఆ పూట నాలుక లేవలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఒళ్ళంతా గర్వంతో నిండిపోయింది.

"తిట్టు కుళ్ళాయమ్మా, బాగా తిట్టు," అన్నాను. "ఆ టైము పెట్టింది ఎవరనుకున్నావు? మా పాప హరిత."

"ఎవురైతే నాకేమి? రేపు ఏడూ పదికి రాకుంటే మీ పాపను కూడా తిడతా," అని సీటులో కూర్చుంది.

చెబుతాలే అని టికెట్ చింపి ఇచ్చి, షీటు తీసి రాసుకున్నాను. సోమందేపల్లి, 7.13.